తల్లి దొరికేవరకు

త్రిశూలి నది పక్కన, దూరపు బస్సులు తిండికి ఆగే సిమలటార్ బజారులో తుల్సరా ఆలే సంగతి అందరికీ తెలుసు. సొంత అన్న వలేసి పట్టుకొచ్చిన చేపనైనా సరే, మొప్పలు పైకెత్తి వాసన చూసిగాని గంపలో వేయనివ్వదు. బస్సు డ్రైవరు "దిదీ, ఇంకో గంటలో నలభైమందిని దింపుతా" అని ఫోను చేస్తే, బస్సు కళ్లబడ్డాకే మూకుడు పొయ్యిమీద పెడుతుంది. "పుట్టగానే మీ అమ్మ మొహంకేసి కూడా అనుమానంగానే చూసుంటావు" అని పక్కన లాడ్జి నడిపే రత్నమాన్ శ్రేష్ఠ ఎగతాళి చేస్తుంటాడు. బజారంతా ఆయన్ని సాహుజీ అంటుంది. తుల్సరా అనుమానాలన్నిటిలోనూ పెద్ద వాటా ఆ సాహుజీదే.

ఆమె అలా తయారవడానికి కారణం ఉంది. పదహారేళ్ల కిందట మాఘమాసంలో ఏదో పార్టీవాళ్లు రహదారి దిగ్బంధం చేశారు. మలుపు దగ్గర్నుంచి తీగల వంతెన దాకా బస్సులు బారులు తీరి ఒకటిన్నర రోజు కదల్లేదు. అప్పటికి తుల్సరాకి ముప్పై రెండేళ్లు. రెండు కాన్పులూ నిలవలేదు. ట్రక్కు నడిపే మొగుడు దిగువ బజారులో ఇంకొకామెతో కాపురం పెట్టి ఇటువైపు రావడం మానేశాడు. చేపలు వేయించి, వెదురు పుల్లలకు గుచ్చి, కొట్టు ముందు వేలాడదీసి అమ్ముకుంటూ ఒక్కతే బతుకుతోంది.

రెండోరోజు పొద్దున పొడుగాటి పిల్ల ఒకతి, ఇరవై దాటి ఉండవు, చంకలో ఆరేడు నెలల బిడ్డతో కొట్టు దగ్గరికి వచ్చింది. "దిదీ, కాస్త దీన్ని పట్టుకుంటావా? రేవులో బట్టలు జాడించుకుని వచ్చేస్తా" అంది. తుల్సరా పట్టుకుంది. బిడ్డ ఆమె వేలు దొరకబుచ్చుకుని చిగుళ్లతో నమలడం మొదలుపెట్టింది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. మధ్యాహ్నం దారి తెరుచుకుంది. బస్సులన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. ఒక కండక్టరు కొట్లవెంట పరుగెడుతూ ఏదో కేకేశాడు. ఆ మోతలో తుల్సరాకి వినబడినవి రెండే ముక్కలు: "బిడ్డ... ఏదీ?"

తల్లి బస్సెక్కేసి బిడ్డకోసం వెతికిస్తోందని తుల్సరా అనుకుంది. అలా అనుకునే, బిడ్డను తీసుకుని కొట్టు వెనక కట్టెల మోపుల చాటుకి వెళ్లింది. ఏడవకుండా నోట్లో పంచదార నీళ్ల చుక్కలు వేసింది. చివరి బస్సు మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు.

ఆ తర్వాత బజారుకు ఆమె చెప్పింది సగం నిజం. పట్టుకోమని ఇచ్చింది, తిరిగి రాలేదు అని. అందరూ అయ్యో అన్నారు. బిడ్డకి జునేలి అని పేరు పెట్టారు. కాని కండక్టరు కేక వేసినప్పుడు సాహుజీ తన లాడ్జి మెట్లమీదే నిలబడి ఉన్నాడు. ఆయన ఆ కేక విన్నాడు. అది తుల్సరాకి తెలుసు. ఎప్పుడు నోరు జారతాడా అని ఆ రోజు నుంచీ ఆమె కన్ను ఆయనమీదే.

తుల్సరాని 'ఆమా' అని పిలుస్తూ జునేలి పొడుగ్గా పెరిగింది. పద్నాలుగేళ్లకే కొట్టు చూరు తలకి తగిలేది. బడిలో వాలీబాల్ ఆడుతూ జిల్లా జట్టులోకి వెళ్లింది. పదో తరగతి పరీక్షలయ్యాక రాజధానిలోని ఒక క్లబ్బువాళ్లు ఆట చూసి, తీసుకుంటాం, పౌరసత్వ పత్రం పట్టుకురా అన్నారు. దేశంలో పదహారేళ్లు నిండిన ప్రతి పిల్లా చేయించుకునే కాగితమే అది. అమ్మదో నాన్నదో చూపిస్తే ఒకపూట పని.

జునేలికి చూపించడానికి ఎవరిదీ లేదు.

తుల్సరా ఉతికిన గున్యూ చీర కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వార్డు కార్యాలయానికి వెళ్లింది. కార్యదర్శి అక్కడికి కొత్తగా వచ్చిన కుర్రాడు.

"తల్లి పేరు?"

"నేనే పెంచాను బాబూ."

"పెంచిందెవరని అడగలేదు. కన్నదెవరు?"

"తెలీదు."

"తండ్రి?"

"తల్లే తెలీదంటే తండ్రి నాకెట్లా తెలుస్తాడు?"

అతను జునేలిని కిందినుంచి పైదాకా చూశాడు. "మీ మగర్ తెగవాళ్లలో ఇంత పొడుగెక్కడిది? సరిహద్దు అవతలి పిల్ల కాదు కదా?"

"ఏడు నెలల పిల్లకి సరిహద్దేం తెలుసు?"

"పిల్లకి తెలీదమ్మా. ఎత్తుకొచ్చినవాళ్లకి తెలుస్తుంది."

తుల్సరా కూతురి చెయ్యి పట్టుకుని లేవబోయింది. జునేలి మాత్రం ఊరుకోలేదు. "ఎత్తుకొచ్చేవాళ్లు మగపిల్లాణ్ణి ఎత్తుకొస్తారు సార్. నన్నెందుకు తెస్తారు?" అంది. కార్యదర్శికి నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. చట్టంలో దారి ఉందన్నాడు. దేశంలో దొరికిన బిడ్డ, తల్లిదండ్రులెవరో తెలియకపోతే, తల్లిగాని తండ్రిగాని దొరికేవరకు ఈ దేశపు బిడ్డే. పెంచినావిడ దరఖాస్తు పెట్టాలి. పోలీసులు బజారుకొచ్చి ఇరుగుపొరుగుని విచారిస్తారు, ఏడుగురు సంతకాలు పెట్టాలి. "రేపెవరూ అభ్యంతరం చెప్పకుండా ఫొటోతో ఒక ప్రకటన కూడా అంటిద్దాం" అని చివర్లో చేర్చాడు.

మిగతాదంతా తుల్సరా చెవికెక్కలేదు. దొరికేవరకు అన్న మాటొక్కటే ఎక్కింది.

ఆ సాయంత్రం సాహుజీ తనంతట తానే కొట్టుకి వచ్చి బల్లమీద కూర్చున్నాడు. "ఎందుకీ తిప్పలన్నీ? నేనే కన్నానని రాయించెయ్. సాక్షి సంతకం నేను పెడతా."

"రేపు ఆ అబద్ధాన్ని అడ్డం పెట్టుకుని నా కొట్టు జాగా అడగవన్న నమ్మకమేమిటి?"

"నీ కొట్టు నాకెందుకే తల్లీ! ఈ చేపల కంపు నా లాడ్జికి కొట్టకుండా ఉంటే చాలని కదా ఇన్నేళ్లుగా ఏడుస్తున్నాను!"

ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు. అంత నవ్వు ఎందుకు నవ్వాడా అని తుల్సరా చాలాసేపు ఆలోచించింది.

ప్రకటన మూడుచోట్ల అంటించారు. వార్డు గోడమీద ఒకటి, వంతెన స్తంభానికి ఒకటి, బస్సులాగే చోట ఒకటి. బస్సుల దగ్గరున్నదానికి అడ్డంగా గంటలోపే తుల్సరా తన అటుకుల బస్తా నిలబెట్టింది. వార్డు కుర్రాడొచ్చి బస్తా జరిపాడు. అతను వెళ్లగానే ఆమె మళ్లీ జరిపింది.

నాలుగోరోజు ఒకావిడ బస్సు దిగింది. పొడుగు మనిషి. చేతిలో గొడుగు, భుజాన పట్నం సంచీ. చేపా అటుకులూ తెప్పించుకుని, తినకుండా, బండలు కడుగుతున్న జునేలినే చూస్తూ కూర్చుంది. మరునాడు కూడా వచ్చింది. మూడోనాడు నోరు విప్పింది.

"మీ అమ్మాయా?"

"ఊఁ."

"ఏ నెలలో పుట్టింది?"

"శ్రావణంలో."

"పాలపళ్లు ఎప్పుడూడాయి?"

తుల్సరా చేతిలోని అట్లకాడ ఆగిపోయింది. చేప కొనడానికి వచ్చిన మనిషి పాలపళ్ల సంగతి అడుగుతుందా? ఈమెకి ముప్పై అయిదుంటాయి, నలభై ఉంటాయి. లెక్క సరిపోతోంది. ఆ భుజాలు, ఆ మెడ, అచ్చం జునేలివే అనిపించాయి. "గుర్తులేదు" అని ముక్తసరిగా చెప్పి, లోపలికి వెళ్లి జునేలి రెక్క పట్టుకుంది.

"కొండమీద మామ ఇంటికి పో. ఇప్పుడే. నేను కబురు చేసేదాకా దిగొద్దు."

"ఎందుకు ఆమా? ఎవరావిడ?"

"ఎవరో అయితే నిన్నెందుకు పంపిస్తాను? పో అంటే పో."

"ఆమా, నీకు పిచ్చి బాగా ముదిరింది" అంటూనే జునేలి చెప్పులు తొడుక్కుంది. వెనకదారిన కొండ ఎక్కింది.

తుల్సరా చేపలు కోసే కొడవలి చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయి, వచ్చి ఆ ఆడమనిషి ఎదురుగా నిలబడింది. "నువ్వెవరో చెప్పు. నిన్నెవరు పంపారు? సాహుజీయేనా?"

ఆమె కొడవలిని చూసి బల్లమీద కాస్త వెనక్కి జరిగింది గాని లేవలేదు. "ముందు మీరు చెప్పండి. ఆ అమ్మాయికి పదహారా, పందొమ్మిదా?"

"ఏంటీ?"

"నా పేరు మేనుకా ఖత్రి. వాలీబాల్ క్లబ్బు కోచ్‌ని. మీ అమ్మాయి ఆట చూసింది మావాళ్లు, నేను కాదు. కిందటేడు ఇలాగే పదహారేళ్ల పిల్లని కాగితం చూసి తీసుకున్నా. తీరా చూస్తే ఊళ్లో దానికి మొగుడూ, నడిచే పిల్లాడూ ఉన్నారు. నన్ను పదిమందిలో కడిగేశారు. మీ అమ్మాయి ఇంత పొడుగు, కాగితమేమో ఇప్పుడే చేయిస్తున్నారని గోడమీద చూశా. వయసు తగ్గించి రాయిస్తున్నారేమోనని చెప్పకుండా వచ్చి చూస్తున్నా. తప్పా?"

తుల్సరా కొడవలి పక్కన పెట్టి బల్లమీద కూర్చుంది. భయం దిగిన మరుక్షణం కోపం ఎక్కింది. "నా కూతురి వయసుమీద అనుమానమా? మూడు రోజులు నా చేపలు ముందు పెట్టుకుని నామీదే నిఘా పెడతావా? మనుషుల్ని ఇంత అనుమానించకూడదమ్మా!"

పక్కన లాడ్జి మెట్లమీంచి ఎవరో పెద్దగా నవ్వారు. తుల్సరా ఆ వైపు చూడలేదు.

మేనుకా వెళ్లేటప్పుడు ఆషాఢం ముగిసేలోపు పత్రం కావాలని గట్టిగా చెప్పింది. పాలపళ్లు ఊడింది ఏడో ఏట అని చివరికి తుల్సరా చెప్పింది. అవి ఒక అగ్గిపెట్టెలో దాచి ఉన్నాయని మాత్రం చెప్పలేదు.

విచారణరోజు ఎస్సై సాహుజీ లాడ్జి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకున్నాడు. ఏడుగురు సాక్షులూ వచ్చారు. చుట్టూ బజారంతా మూగింది. జునేలి తల్లి వెనకే నిలబడింది. ఎస్సై తొందరపడే మనిషి కాదు. ప్రతి జవాబునీ రాసుకుని, మళ్లీ చదివి వినిపిస్తున్నాడు.

"ఆ రోజు బిడ్డకోసం ఎవరైనా వెతుక్కుంటూ వచ్చారా?"

తుల్సరా ఈ ప్రశ్నకి వారంరోజులుగా జవాబు సాధన చేసింది. ఎవరూ రాలేదు. రెండే మాటలు. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే సాహుజీ గొంతు సవరించుకున్నాడు.

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన క్షణం ఇదేనని ఆమెకి అనిపించింది. చెప్పేది ఎలాగూ చెబుతాడు, ఆయన నోటినుంచి వినేకన్నా జునేలి నా నోటినుంచే విననీ అనుకుంది. కుర్చీ పట్టుకుని లేచింది.

"వచ్చారు. కండక్టరు బిడ్డ ఏదని కేకేశాడు. తల్లి బస్సులోంచి వెతికిస్తోందని నాకు తెలుసు. తెలిసే కట్టెల వెనక దాక్కున్నాను. పిల్లని ఇవ్వలేదు. రాసుకోండి."

ఎస్సై కలం పైకెత్తి అలాగే ఉంచాడు. వెనకనున్న జునేలి ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చడం తుల్సరాకి వినబడింది.

"ఏం మాటలే అవి?" అన్నాడు సాహుజీ. "ఎవరు వెతికించారు? తల్లి బస్సులో ఎక్కడుంది?"

"నువ్వూ విన్నావుగా. నీ మెట్లమీదే ఉన్నావు."

"విన్నాను కాబట్టే చెబుతున్నా. 'బిడ్డతో ఎక్కిన ఆడమనిషి ఏదీ, ఇద్దరు తక్కువున్నారు' అని అరిచాడు వాడు. ఇద్దరు! తల్లీ లేదు, బిడ్డా లేదు. ఇంకెవరు వెతుకుతారు?" ఆయన ఎస్సై వైపు తిరిగాడు. "ఆ పిల్ల పొద్దున్నే తీగల వంతెన దాటి అవతలి ఒడ్డుకి పోయింది సార్. నెత్తిన మూట పెట్టుకుని, ఒక్కతే. నేను చూశాను. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు."

"మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" తుల్సరా ఆయన ఎదురుగా వచ్చి అడిగింది.

"చెబితే నువ్వు ఊరుకుంటావా? బిడ్డని చంకనేసుకుని వంతెన దాటి వెతుక్కుంటూ పోతావు. ఇచ్చేస్తావు. ఆ పిల్ల మొహం చూశాను, అది ఇచ్చినా ఉంచుకునే మనిషి కాదు. బిడ్డ నీ దగ్గర బాగానే ఉంది కదా అని ఊరుకున్నా."

తుల్సరాకి గుండె తేలికపడాల్సింది. తాను దొంగ కాదు. పదహారేళ్లుగా మోసిన బరువు తనది కానేకాదు. కాని వెనక్కి తిరిగి జునేలి మొహం చూడగానే, నేను దొంగనే అయితే ఎంత బాగుండేది అనిపించింది. దొంగిలించిన బిడ్డకోసం ఎక్కడో ఒక తల్లి ఏడుస్తూ ఉంటుంది. వదిలేసిన బిడ్డకి అదీ లేదు.

జునేలి జనాన్ని తోసుకుని వెళ్లిపోయింది.

తీగల వంతెన మధ్యలో దొరికింది. కింద నది వాన నీటితో మట్టిరంగులో పోతోంది. తుల్సరా పక్కన నిలబడి తీగ పట్టుకుంది.

"వెనక్కి కూడా చూడలేదంట" అంది జునేలి.

"సాహుజీ కళ్లు అప్పటికే మసకలు. ఇంత దూరం నుంచి ఆయనకి మెడ తిరిగిందో లేదో ఏం కనబడుతుంది? గేదెని చూసి ఎద్దంటాడు. ఆయన మాట నేను నమ్మను."

"నువ్వెవరి మాట నమ్మావు గనక."

అవతలి ఒడ్డునుంచి గడ్డిమోపుతో ఒక ముసలాయన వస్తే, దారివ్వడానికి ఇద్దరూ తీగకి అంటుకుని నిలబడ్డారు. వంతెన ఊగడం ఆగాక జునేలి అడిగింది.

"నిజంగా కట్టెల వెనక దాక్కున్నావా?"

"ఊఁ."

"ఆవిడ బస్సులోంచి నాకోసం వెతుకుతోందనే అనుకున్నావు కదా?"

"అనుకున్నాను."

"అయినా ఇవ్వలేదు."

"ఇవ్వలేదు."

జునేలి మెడకి వేసుకున్న తుండుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత, "పద. ఎస్సై టీ తాగేసి వెళ్లిపోతాడు. ఇంకా నీ వేలిముద్ర పడలేదు" అంది.

ఎస్సై వెళ్లలేదు. దాక్కున్న సంగతితో సహా అంతా రాశాడు. సాహుజీ చెప్పింది అంతకన్నా వివరంగా రాశాడు. నది అవతలి ఊళ్లకి మనిషిని పంపి వాకబు చేయించాడు. అలాంటి పిల్ల తమకి తెలుసని అక్కడెవరూ అనలేదు. తల్లిదండ్రులు తెలియరాలేదని నివేదిక వెళ్లింది. ఎవరికి భయపడి తుల్సరా ఇన్నేళ్లు తలుపు ఓరగా వేసుకుని బతికిందో, ఆ సాహుజీ సాక్ష్యమే దరఖాస్తుని నిలబెట్టింది.

ఆషాఢం ఇంకా అయిదురోజులుందనగా జిల్లా కేంద్రంనుంచి పిలుపొచ్చింది. అధికారి నెమ్మదైన మనిషి. జునేలి రెండు బొటనవేళ్ల ముద్రలూ తీయించి, సంతకం పెట్టి పత్రం చేతికిచ్చాడు. తుల్సరా కదల్లేదు.

"సార్, తల్లిగాని తండ్రిగాని దొరికేవరకు అన్నారు కదా. దొరికితే?"

"దొరికితే అప్పుడు వాళ్ల కాగితాలు చూస్తాం."

"చూసి ఇది లాక్కుంటారా?"

"ఇంతకాలం దొరకనివాళ్లు ఇప్పుడెందుకు దొరుకుతారమ్మా? ఇంటికి వెళ్లండి."

అది జవాబు కాదని తుల్సరాకి తెలుసు. వరండాలోకి వచ్చి పత్రం చదవమంది. జునేలి సంతోషంలో గడగడా చదివేసింది. తుల్సరాకి తృప్తి కలగలేదు. "సంతోషంలో ఉన్నవాళ్లు సరిగ్గా చదవరు" అని, వరసలో నిలబడ్డ ఒక ముసలి మాస్టారుని బతిమాలి ఒక్కో అక్షరం చదివించింది. పుట్టిన సంవత్సరం దగ్గర ఆయన అరవై ఒకటి అన్నాడు. అక్కడి పంచాంగం లెక్కన ఉండాల్సింది అరవై నాలుగు. మూడేళ్లు పెద్దదైపోయిన కూతుర్ని చెయ్యిపట్టి లాక్కుని తుల్సరా మళ్లీ లోపలికి నడిచింది. గుమాస్తా భోజనం వేళ అన్నాడు, రేపు రమ్మన్నాడు, చిన్న అంకె అన్నాడు. ఆమె కిటికీ ముందునుంచి జరగలేదు. చివరికి విసుక్కుంటూ కొత్తపత్రం రాసి, అధికారిచేత మళ్లీ సంతకం పెట్టించి ఇచ్చాడు. దాన్నీ ఆమె మాస్టారుచేత చదివించింది.

శ్రావణంలో జునేలి రాజధానికి వెళ్లింది. దిగబెట్టడానికి వెళ్లిన తుల్సరా హాస్టల్లో పడకలూ, తలుపు గొళ్లేలూ, వంటగదిలో పప్పు ఉడికిందో లేదో అన్నీ చూసింది. మేనుకాని పక్కకి పిలిచి, "దీనికి నిద్రలో కాళ్లు లాగుతాయి, ఎవరికీ చెప్పదు. నువ్వు అడగాలి" అంది. మేనుకా సరేనంది. తుల్సరా మూడుసార్లు సరే అనిపించుకుంది.

తిరిగొచ్చిన వారానికి ఒక ఉదయం ఆమె కొట్టు తెరవలేదు. తీగల వంతెన దాటింది. పదహారేళ్లుగా ఆ ఒడ్డుకి వెళ్లే పని పడలేదు. పోలీసులు అడిగినట్టు కాకుండా, మొక్కజొన్న చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లతోపాటు నాలుగు మొక్కలు పీకుతూ అడిగింది. పొడుగాటి పిల్ల, నెత్తిన మూట, మాఘమాసం. కనబడితే ఏం చెప్పాలో ఆమె అనుకోలేదు. బిడ్డ బాగుందని చెప్పాలనుకుందో, దగ్గరికి రావద్దని చెప్పాలనుకుందో ఆమెకే తెలీదు. మూడు ఊళ్లు తిరిగింది. ఎవరికీ గుర్తులేదు.

మధ్యాహ్నానికి వంతెన దిగేసరికి సాహుజీ మెట్లమీద ఉన్నాడు.

"పొద్దున్నే అటెక్కడికి?"

"చేపలు చుట్టడానికి ఆకులు తెద్దామని."

ఆయన ఆమె ఖాళీ చేతులకేసి చూశాడు. "దొరకలేదా?"

"లేదు" అంది తుల్సరా. పొయ్యి ముందు కూర్చుని, నిప్పు రాజేసి, "తిన్నావా సాహుజీ? పొద్దుట్నుంచీ ఆ మెట్లమీదే కూర్చున్నట్టున్నావు" అని అడిగింది.